స్కౌట్ కిట్ సమీక్ష: ప్రవేశ్ దాకా పనికొస్తుంది, సోపానాల దగ్గర చేతులెత్తేస్తుంది

బడులు తెరిచే రోజుల్లో శ్రీకాకుళం జీటీ రోడ్డు మీదా, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కలా యూనిఫారాల షాపుల్లో అడిగితే ‘ఫుల్ స్కౌట్ కిట్’ అని ఒక జిప్పు సంచి చూపిస్తారు. తయారుచేసేవాళ్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే: చొక్కా, ప్యాంటు, బెరే టోపీ, బెల్టు, స్కార్ఫు, దాన్ని మెడ దగ్గర పట్టి ఉంచే వాగిల్, విజిల్ కట్టిన లాన్‌యార్డ్, ఒక చుట్ట తాడు, చిన్న దిక్సూచి, ప్రథమ చికిత్స పౌచ్, లాగ్‌బుక్కు, బ్యాడ్జీల కవరు. ఏ వస్తువు ఏ మెట్టు పరీక్షకి నిలబడుతుంది, ఏది ఎగ్జామినరు చేతిలోకి వెళ్లగానే తేలిపోతుంది అన్నదే ఇక్కడ చూస్తున్నాం.

ముందే చెప్పేస్తే మంచిది. బట్టలు, బెల్టు, టోపీ, విజిల్ తీసుకోవచ్చు. తాడు, దిక్సూచి, స్కార్ఫు ఈ సంచిలోవి వద్దు. బ్యాడ్జీల కవరు అసలు ముట్టుకోవద్దు. స్కౌట్స్‌లో మొదటి మెట్టయిన ప్రవేశ్ పరీక్షకి ఈ కిట్టు చాలినంత ఉంది, ఎందుకంటే ప్రవేశ్‌లో చేత్తో చేసే పని తక్కువ: ప్రతిజ్ఞ, తొమ్మిది నియమాలు, నినాదం, సెల్యూట్, ఎడమ చేతి కరచాలనం, ప్రార్థన, జెండా గీతం, యూనిఫారం సరిగ్గా వేసుకోవడం, రోజుకో మంచిపని. ప్రథమ సోపాన్‌లో తాడు చేతికొస్తుంది. కిట్టు తేలిపోయేదీ అక్కడే.

కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రుల కోసం మెట్ల వరస ఒకసారి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ప్రవేశ్ తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, ఆ పైన రాజ్య పురస్కార్, చిట్టచివర రాష్ట్రపతి పురస్కార్. కింది మెట్ల పరీక్షలు బడిలో స్కౌట్ మాస్టరో గైడ్ కెప్టెనో పెడతారు. పైకి వెళ్లేకొద్దీ పరీక్ష జిల్లా సంఘానికీ, రాష్ట్రానికీ, జాతీయ స్థాయికీ మారుతుంది. రాజ్య పురస్కార్ సర్టిఫికెట్ మీద గవర్నరు సంతకం, రాష్ట్రపతి పురస్కార్ మీద రాష్ట్రపతి సంతకం ఉంటాయి. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ కోటాకి ఆ రాష్ట్రపతి పురస్కారమే అర్హతల్లో ఒకటి. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, రైల్వేలు స్కౌటింగ్ లెక్కలో విడి రాష్ట్రాలు కాబట్టి ఆ బడుల పిల్లల పరీక్షా శిబిరాలు వాళ్ల సంఘాలే పెట్టుకుంటాయి. పరీక్షాంశాలు మాత్రం అందరికీ అవే.

ఒక మెట్టుకీ పై మెట్టుకీ మధ్య కనీసం ఇన్ని నెలలని గడువుంటుంది. శిబిరాలేమో ఏడాదిలో ఎప్పుడుపడితే అప్పుడు జరగవు. అంచేత ద్వితీయ సోపాన్‌లో ఒక్క లాషింగ్ (బొంగులని తాడుతో కలిపి కట్టే కట్టు) నిలబడక వెనక్కి వచ్చిన పిల్లవాడికి పోయేది ఆ ఒక్క రోజు కాదు. తృతీయ వెనక్కి జరుగుతుంది, దాంతో రాజ్య పురస్కార్ పదో తరగతి పబ్లిక్ పరీక్షల నెత్తిన పడుతుంది. సామాను గురించి ఇంత పట్టింపు అందుకే.

బట్టల సంగతి త్వరగా ముగిద్దాం. స్కౌట్ చొక్కా స్టీల్ గ్రే రంగు. రెండు జేబులు పైకి అతికించి కుట్టినవై ఉండాలి, భుజాల మీద పట్టీలు తప్పనిసరి. ప్యాంటో నిక్కరో నేవీ బ్లూ. కొన్ని సంచుల్లో మామూలు బడి చొక్కాకే బ్యాడ్జీ అతికించి ఇస్తున్నారు, భుజం పట్టీ ఉండదు. పట్టీ లేకపోతే లాన్‌యార్డ్ నిలవదు, యూనిఫారం తనిఖీలో మొదట కనబడే లోపం అదే. గుడ్డ పూర్తి పాలిస్టర్ అయితే మన ఉక్కపోతలో శిబిరం రెండో రోజుకే పిల్లలు గోక్కుంటారు, నూలు కలిసినది చూసుకోండి. ప్యాంటు అంచు లోపలికి రెండంగుళాలు మడిచి కుట్టించండి, ఏడాది తర్వాత విప్పి దించుకోవచ్చు. సభ్యత్వ బ్యాడ్జీ ఎడమ జేబు మధ్యలో, ప్రపంచ స్కౌట్ బ్యాడ్జీ కుడి జేబు మధ్యలో. రెండూ చేతికుట్టుతో వేయిస్తే చొక్కా పొట్టిదైనప్పుడు గుడ్డ చిరక్కుండా ఊడదీసి కొత్తదానికి కుట్టుకోవచ్చు. గైడ్ అమ్మాయిల యూనిఫారం నియమాలు వేరు. స్కౌట్ విభాగానికి ఏపీఆర్‌ఓ అనే సంస్థ నియమావళి పుస్తకం రెండో భాగం, గైడ్లకి మూడో భాగం. షాపువాళ్ల మాట మీద కాకుండా బడిలో ఉన్న ఆ పుస్తకం చూసి గుడ్డ తీయించండి.

బెల్టు బకిల్‌ని చేత్తో పట్టి చూడండి. పోత లోహమైతే బరువు తెలుస్తుంది. ప్లాస్టిక్ మీద పూత వేసినదైతే వెనక కొక్కెం దగ్గర నెల తిరిగేలోపు విరుగుతుంది.

స్కార్ఫు దగ్గర రెండు ఇబ్బందులు. మొదటిది రంగు. స్కార్ఫు రంగు ఆ దళం ఎంచుకున్నది, బడి బడికీ మారుతుంది. ఆకుపచ్చ, పసుపు, ఊదా రంగులు దళాలు వాడకూడదు. అయినా కిట్టు సంచుల్లో ఆకుపచ్చ స్కార్ఫు తరచుగా కనబడుతుంది. బడిలో అడక్కుండా కొంటే డబ్బులు దండగ. రెండోది గుడ్డ. స్కార్ఫు పొట్టి భుజాలు రెండూ ఒక్కొక్కటి 70 నుంచి 80 సెంటీమీటర్లు ఉండాలి, పిల్లల ఎత్తుని బట్టి. సంచిలోవి అరవైకి అటూ ఇటూ ఉంటున్నాయి, పైగా జారే శాటిన్ గుడ్డ. ప్రథమ చికిత్స పరీక్షలో ఆ స్కార్ఫుతోనే చేతికి స్లింగ్ కట్టమంటారు. శాటిన్‌తో కడితే మెడ పక్కన వేసిన రీఫ్ నాట్ ముడి జారి మోచేయి కిందికి దిగిపోతుంది. పాప్లిన్ నూలుగుడ్డ 80 సెంటీమీటర్ల చదరం తీసుకుని కోణం నుంచి కోణానికి కత్తిరిస్తే ఇద్దరికి వస్తాయి. పొందూరు సన్న ఖద్దరు దీనికి వాడొద్దు, అంత మెత్తని నేత ముడి ఒత్తిడికి నలిగిపోతుంది, ఖరీదూ ఎక్కువ.

ఇక తాడు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దీనికే ఇవ్వాలి.

సంచిలో వచ్చే తాడు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది: ఎర్రటిదో నీలందో నైలాన్ అల్లిక తాడు, నాలుగు మిల్లీమీటర్ల మందం, రెండు మీటర్ల లోపు పొడవు, రెండు కొసలూ కాల్చి ముద్ద చేసి ఉంటాయి. దీనిలో తప్పులు నాలుగు, నాలుగూ నాలుగు వేర్వేరు పరీక్షల్లో బయటపడతాయి.

మొదటిది నునుపు. ప్రథమ సోపాన్ ముడులు రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బోలైన్, షీప్‌షాంక్, ఫిషర్‌మ్యాన్స్ నాట్, రౌండ్ టర్న్ అండ్ టూ హాఫ్ హిచెస్. ముడిని నిలబెట్టేది తాడుకీ తాడుకీ మధ్య రాపిడి. నున్నటి నైలాన్‌లో ఆ రాపిడి ఉండదు. పిల్ల సరిగ్గానే షీప్‌షాంక్ వేసినా, ఎగ్జామినరు చూద్దామని తాడు కాస్త వదులు చేయగానే రెండు చెవులూ జారిపోతాయి. షీప్‌షాంక్ ఎలాగూ లాగి పట్టి ఉంచితేనే నిలిచే ముడి, నైలాన్‌లో ఆ మాత్రమూ నిలవదు. కర్ర మీద వేసిన క్లోవ్ హిచ్ దొర్లిపోతుంది. పిల్లకి ముడి రాదని అనుకుంటారు, నిజానికి తాడు చేసిన పని అది.

రెండోది సన్నం. నాలుగు మిల్లీమీటర్ల తాడులో ముడి అల్లిక కంటికి ఆనదు. రీఫ్ నాట్‌కి బదులు పొరపాటున గ్రానీ నాట్ పడితే లావు తాడులో వెంటనే తెలుస్తుంది. రీఫ్‌లో ప్రతి కొసా తన తాడు పక్కనే సమాంతరంగా బయటికొస్తుంది, గ్రానీలో అడ్డంగా నిక్కుతుంది. సన్నని తాడుతో నేర్చుకున్న పిల్లలు ఈ తేడా పసిగట్టకుండానే అలవాటు చేసేసుకుంటారు. తర్వాత మాన్పించడం నేర్పడం కంటే కష్టం.

మూడోది కాల్చిన కొస. తాడు కొస విచ్చిపోకుండా పురికొసతో కట్టే విప్పింగ్ ప్రథమ సోపాన్‌లో ఒక పరీక్షాంశం. కొస ముద్దగా కరిగి ఉన్న తాడు మీద విప్పింగ్ చేసినా, చేయకపోయినా ఒకటే, ఎగ్జామినరు ఆ ముద్ద కోసెయ్యమంటారు. కోస్తే అల్లిక తాడు లోపలి పోగులు పువ్వులా విచ్చుకుని విప్పింగ్‌కి లొంగవు. విప్పింగ్‌కి సరైన సరుకు కొవ్వొత్తి మైనం రుద్దిన సన్న నూలు పురికొస. పురికొసని తాడు వెంట చెవిలా మడిచి పెట్టి, లోపలి నుంచి తాడు కొస వైపుకి పక్కపక్కనే బిగువుగా చుట్టుకుంటూ పోవాలి. చుట్టిన వెడల్పు కనీసం తాడు మందమంత, ఇంకో సగం ఎక్కువైనా మంచిదే. చివర పురికొసని చెవిలో దూర్చి, రెండో కొస లాగితే చెవి చుట్ల కిందికి సగం దాకా పోతుంది. అక్కడ ఆపాలి. పూర్తిగా లాగేస్తే మొత్తం ఊడి చేతికొస్తుంది, ఎక్కువమంది పిల్లలు పోగొట్టుకునేది ఆ ఆఖరి లాగుడులోనే.

నాలుగోది అల్లిక. తృతీయ సోపాన్‌లో స్ప్లైసింగ్ వస్తుంది: బ్యాక్ స్ప్లైస్, ఐ స్ప్లైస్, షార్ట్ స్ప్లైస్. పేటలు విప్పి, ఒక్కో పేటనీ అసలు తాడు పేటల మధ్య ఒకదాని పైనుంచి, తర్వాతి దాని కింది నుంచి దూర్చాలి. అల్లిక తాడులో పేటలే ఉండవు, అదొక తొడుగూ లోపలి దారాలూ. ఆ తాడుతో స్ప్లైసింగ్ ఎవరివల్లా కాదు. నార తాడుకైతే ఒక్కో పేటకీ కనీసం మూడు దూర్పులు వేయాలి. పురి వదులు కాకుండా దూర్చిన ప్రతిసారీ పేటని మెలితిప్పుతూ బిగించాలి.

మరి ఏం కొనాలి? యూనిఫారం షాపు వదిలి, పశువుల పగ్గాలు, పలుపులు, మోకులు, నులక అమ్మే కొట్టుకి వెళ్లండి. మన రెండు జిల్లాల్లోనూ ప్రతి పెద్ద బజారులోనూ ఒకటుంటుంది. ‘ముప్పేట నూలు తాడు, ఎనిమిది మిల్లీమీటర్లది, మూడు మీటర్లు’ అని అడిగితే చాలు, అది ముడులకీ, విప్పింగ్‌కీ, స్ప్లైసింగ్‌కీ మూడింటికీ సరిపోతుంది. కొనేముందు కొస దగ్గర కాస్త పురి విప్పి లోపల చూడండి. పేటల మధ్య నల్లగా ఉన్నా, ముక్కిన వాసన కొట్టినా తాడు తడిసి మురిగిందన్నమాట. లాషింగ్‌లకి ఆరు మిల్లీమీటర్ల గోగునార తాడు మేలు. గోగునారకీ, జూట్ మిల్లుకీ పేరుపడ్డ నెల్లిమర్ల పక్కనే ఉంటూ పిల్లలకి నైలాన్ తాడుతో లాషింగ్ నేర్పడం చూస్తే బాధేస్తుంది. ఇక్కడ చెరువులో నానబెట్టి తీసిన నార లాషింగ్‌కి కావలసిన గరుకుతనం పుట్టుకతోనే తెచ్చుకుంటుంది.

లాషింగ్‌కి ఎంత పొడవు తాడు కావాలన్నది సంచి మీద ఎక్కడా రాయరు. లెక్క తేలిక. కట్టాల్సిన రెండు బొంగుల మందం అంగుళాల్లో కలిపి, అంగుళానికి మూడడుగుల చొప్పున వేసుకోవాలి. రెండంగుళాల బొంగులు రెండైతే పన్నెండడుగులు. సంచిలోని తాడు దీనిలో సగమే. ద్వితీయ సోపాన్‌లో స్క్వేర్ లాషింగ్ ఇలా పోవాలి: నిలువు బొంగుకి, అడ్డబొంగు కిందుగా క్లోవ్ హిచ్ వేసి మొదలు. మిగిలిన పొట్టి కొసని అసలు తాడు చుట్టూ మెలేసి దాచాలి. తర్వాత అడ్డబొంగు ముందు నుంచి, నిలువు బొంగు వెనక నుంచి మూడు నాలుగు చుట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే. ఆ పైన రెండు బొంగుల మధ్యలోంచి ముందు వేసిన చుట్లని బిగించే ఫ్రాపింగ్ చుట్లు రెండు మూడు. అడ్డబొంగు మీద క్లోవ్ హిచ్‌తో ముగింపు.

ఇందులో పిల్లలు ఓడిపోయేది ఎప్పుడూ ఫ్రాపింగ్ దగ్గరే. చుట్లన్నీ బాగా వేసి, తాడు అయిపోవడంతో ఫ్రాపింగ్ ఒక్కటే వేసి ముడేస్తారు. బిగువు ఇచ్చేది ఫ్రాపింగే. ఎగ్జామినరు అడ్డబొంగు మీద చెయ్యి ఆన్చి నొక్కితే అది నిలువు వెంట కిందికి జారిపోతుంది. తాడు పొట్టిదైతే పిల్ల ఎంత నేర్పరి అయినా ఇలాగే అవుతుంది. ఇంకో సంగతి: నార తాడు తడిస్తే ఉబ్బి బిగుస్తుంది, ఆరాక సడలుతుంది. వాన పడిన రాత్రి గట్టిగా ఉన్న క్యాంప్ గేటు మర్నాడు పదింటికల్లా ఊగడం మొదలెడుతుంది. అక్టోబరులో మన తీరానికి అల్పపీడనాలు మామూలే, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చిందీ ఆ నెలలోనే. ఆ రోజుల్లో శిబిరమైతే ఎండ వచ్చాక ప్రతి లాషింగ్‌కీ ఫ్రాపింగ్ విప్పి మళ్లీ బిగించుకోవాలి. డయాగనల్ లాషింగ్ మాత్రం క్లోవ్ హిచ్‌తో కాదు, టింబర్ హిచ్‌తో మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ బొంగులు ఒకదాన్నొకటి ఆనుకోకుండా ఎడం అవుదామని చూస్తాయి, ముందు వాటిని దగ్గరికి లాగి పట్టాలి.

కర్ర ఈ సంచిలో రాదు, రానక్కర్లేదు కూడా. సీతంపేట, పార్వతీపురం వైపు నుంచి వచ్చే గట్టి వెదురు ఐదున్నర అడుగులది, కణుపులు చెక్కి నున్న చేసినది తీసుకుని అంగుళాల గీతలు పెయింటుతో పెట్టించండి. నీళ్లలో లోతు చూడ్డానికీ, నాగావళి గట్టు మీద నిలబడి నది వెడల్పు అంచనా కట్టడానికీ, రెండు కర్రలూ రెండు గోనె సంచులతో స్ట్రెచర్ చేయడానికీ ఆ కర్రే అక్కరకొస్తుంది. బోలు వెదురైతే స్ట్రెచర్ పరీక్షలో మనిషి బరువుకి మధ్యలో పగులుతుంది, పైగా పడుకోబెట్టినవాళ్లకి దెబ్బ.

దిక్సూచి. సంచిలో వచ్చేది రూపాయి బిళ్లంత ప్లాస్టిక్‌ది. సూది ఒకసారి తట్టితే ఒక చోట, మళ్లీ తట్టితే ఇంకో చోట ఆగుతుంది. ద్వితీయ సోపాన్‌లో పదహారు దిక్కులు చెప్పమంటారు. దిక్కుకీ దిక్కుకీ మధ్య ఇరవై రెండున్నర డిగ్రీలే. దీని తప్పే అంతకు మించి ఉంటే పిల్లలు ఉత్తరం బదులు ఉత్తర ఈశాన్యం చూపిస్తారు. కొనేముందు షాపులోనే తేల్చుకోవచ్చు: ఇనప బల్లకీ, సెల్‌ఫోన్‌కీ దూరంగా బయటికొచ్చి, రెండు మూడు దిక్సూచులు ఒకదానికొకటి రెండడుగుల ఎడంగా నేల మీద పెట్టండి. అన్నీ ఒకే వైపు చూపించాలి. ఉత్తరాంధ్రలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా స్వల్పం, కాబట్టి పెద్ద తేడా కనబడితే తప్పు సూదిదే. ద్రవం నింపిన, అడుగున పారదర్శక పలకా, డిగ్రీల చక్రమూ ఉన్న దిక్సూచి కొంటే తృతీయ సోపాన్ మ్యాపింగ్‌కి కూడా అదే నడుస్తుంది. ఒక చిన్న జాగ్రత్త: దిక్సూచిని పొట్ట దగ్గర పట్టుకోవడం పిల్లల అలవాటు. బకిల్‌లో ఇనుము ఉంటే సూది దాని వైపు తిరుగుతుంది. ఛాతీ ఎత్తున, ఒంటికి జానెడు దూరంగా పట్టుకోమనండి.

దిక్సూచి లేకుండా ఉత్తరం కనుక్కోవడం పరీక్షలో విడిగా అడుగుతారు, దీనికి సంచిలోని లాగ్‌బుక్కు బొమ్మలు పిల్లల్ని దారి తప్పిస్తున్నాయి. ఆ బొమ్మలో ధ్రువ నక్షత్రం నెత్తి మీద ఎక్కడో ఉంటుంది. ధ్రువ నక్షత్రం ఎత్తు ఏ ఊళ్లోనైనా ఆ ఊరి అక్షాంశమంతే. శ్రీకాకుళం, విజయనగరం రెండూ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి సుమారు పది డిగ్రీలు. అంటే దిగంతం మీంచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్లకి కాస్త కిందుగానే చుక్క దొరుకుతుంది. తాటిచెట్ల వరసో, సముద్రం వైపు మంచుతెరో అడ్డొస్తే కనబడదు, ఉత్తరం వైపు మైదానం తెరిపిగా ఉన్న చోట నిలబడాలి. నవంబరు, డిసెంబరు శిబిరాల్లో సాయంత్రం పూట సప్తర్షి మండలం దిగంతం కిందికి పోయి ఉంటుంది. అప్పుడు కాసియోపియా అనే చుక్కల గుంపుని పట్టుకుని వెతకాలి. ఈ రెండో దారి నేర్పకుండా పంపితే పిల్లలు ఆకాశం వైపు చూస్తూ ఉండిపోతారు.

కర్ర నీడ చూసి దిక్కు కనుక్కునే పద్ధతికీ మన దగ్గర ఒక మెలిక ఉంది. మే రెండో వారంలోనూ, జులై నెలాఖరులోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కర్రకి నీడే పడదు. వేసవి శిబిరంలో ఈ పరీక్ష ఉదయం తొమ్మిది లోపు పెట్టించుకోవాలి. సూర్యుడు రోజూ నడి తూర్పునే ఉదయించడని పిల్లలకి చెప్పడానికి అరసవల్లి ఉదాహరణ చాలు. స్వామి పాదాలని కిరణాలు తాకే మార్చి 9, 10 ప్రాంతమూ, అక్టోబరు 1, 2 ప్రాంతమూ రెండూ సూర్యుడు నడి తూర్పుకి కాస్త దక్షిణంగా, దాదాపు ఒకే చోట ఉదయించే రోజులు.

ప్రథమ చికిత్స పౌచ్ సగం ఖాళీ. దూది, ఒక రోలర్ బ్యాండేజీ, నాలుగు ప్లాస్టర్ ముక్కలు, చిన్న సీసా యాంటీసెప్టిక్. సీసా మీద గడువు తేదీ చూడకుండా తీసుకోవద్దు, ముందటేడు సరుకు బయటికొచ్చేది జూన్‌లోనే. దీనికి మీరు చేర్చాల్సినవి: మీటరు చదరం గాడా గుడ్డ కోణంగా కోసిన త్రికోణపు కట్లు రెండు, పిన్నీసులు ఆరు, మొన మొద్దుగా ఉన్న కత్తెర, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు. కొన్ని పౌచ్‌ల్లో పాముకాటుకని రబ్బరు పట్టీ, బ్లేడు పెడుతున్నారు. వాటిని తీసి పారెయ్యండి. పాము కరిస్తే బిగించి కట్టడం, కోయడం, పీల్చడం మూడూ ప్రమాదమే. కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. పొలంగట్ల మీద తిరిగే పిల్లలకి ఈ ఒక్కటి సరిగ్గా రావాలి. కాలిన గాయానికీ పౌచ్‌లోని ఆయింట్‌మెంట్ ముందు తీయకూడదు. ముందు ధారగా పారే చల్లటి నీళ్లు ఇరవై నిమిషాలు, ఆ తర్వాతే ఇంకేమైనా.

విజిల్ బాగుంది. లోపల గోళీ లేని రకం ఇస్తే ఇంకా మంచిది, గోళీ ఉన్నది ఉమ్ము తగిలి ఇరుక్కుపోతుంది. సంకేతాలు నేర్పేటప్పుడు ఒక్క పొడవు ఊదుకి నిశ్శబ్దం, వరస పొట్టి ఊదులకి పరుగున రావడం, మూడు పొట్టి ఒక పొడవు ఊదులకి పెట్రోల్ లీడర్లు, అంటే చిన్న జట్ల నాయకులు మాత్రమే రావడం. గోళీ ఇరుక్కుంటే పొడవుకీ పొట్టికీ తేడా తెలియదు.

కొంచెం ఖరీదు పెట్టే కిట్లలో అల్యూమినియం మెస్ టిన్ను కూడా వస్తుంది. రేకు మరీ పలచన, కట్టెల పొయ్యి మీద అన్నం అడుగు మాడుతుంది. ఇంట్లో ఉన్న మందపాటి గిన్నె పంపండి, అడుగున బయటివైపు తడి మట్టి పూసి పొయ్యెక్కిస్తే మసి మట్టితోపాటే పోతుంది. సరుగుడు కట్టె దొరికితే నిప్పు నిలకడగా ఉంటుంది. పలాస వైపు జీడితొక్కలు రాజేసుకోవడానికి వాడాలనిపిస్తుంది గానీ, వాటి నూనె పొగ కళ్లనీ, చర్మాన్నీ మండిస్తుంది, వంట పరీక్షకి వద్దు.

లాగ్‌బుక్కుని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. రాజ్య పురస్కార్ శిబిరంలో ఎగ్జామినర్లు ముందు అడిగేది అదే. సంచిలోని పుస్తకంలో ముడులూ, జెండాలూ ముందే అచ్చేసి ఉంటాయి, పిల్లలు రంగులేసి ఊరుకుంటారు. అచ్చేసిన బొమ్మకి విలువ లేదు, పిల్ల గీసినదే కావాలి. ప్రతి అంశం పక్కనా పూర్తిచేసిన తేదీ, పరీక్ష పెట్టినవారి సంతకం ఉండే చోటు ఈ పుస్తకంలో లేదు. రెండు వందల పేజీల గళ్ల నోటుబుక్కు ఒకటి కొని, ఒక వైపు గీతలూ మ్యాపులూ, ఇంకో వైపు రాతా పెట్టించండి. మంచిపనుల డైరీ ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెల మొత్తం ఒకే సిరాతో ఒకే కూర్చులో రాసిన డైరీ చూడగానే తెలిసిపోతుంది, ‘ముసలాయన్ని రోడ్డు దాటించాను’ అని పదిసార్లు కనబడితే మరీను. పంపు దగ్గర కారుతున్న కుళాయి కట్టేసినా, పక్కింటి బామ్మకి మందు తెచ్చిపెట్టినా జరిగింది జరిగినట్టు రాయమనండి.

బ్యాడ్జీల కవరు గురించి గట్టిగా చెప్పాలి. అందులో సభ్యత్వ బ్యాడ్జీతోపాటు ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, కొన్నిట్లో తృతీయ సోపాన్ బ్యాడ్జీలు కూడా పెట్టి అమ్ముతున్నారు. ఇవి కొనుక్కునేవి కావు. పరీక్ష నెగ్గి, సర్టిఫికెట్ చేతికొచ్చాక సంఘం ద్వారా తీసుకుని, దళం అందరి ముందూ స్కౌట్ మాస్టరు చేతి మీదుగా పెట్టించుకునేవి. ఆరో తరగతి పిల్లవాడి చేతికి తృతీయ సోపాన్ బ్యాడ్జీ కుట్టి ర్యాలీకి పంపితే తీయించేస్తారు, అదీ నలుగురిలో. పిల్లవాడి తప్పేం లేకుండా వాడికి చిన్నతనం.

అందుకే షాపులో సంచి విప్పించి, చొక్కా, ప్యాంటు, టోపీ, బెల్టు, లాన్‌యార్డ్, విజిల్ ఇవి మాత్రం విడి ధర వేయమనండి. చాలా షాపులవాళ్లు అడిగితే వేస్తున్నారు. మొత్తం సంచే తీసుకోవాలంటే ఆ ఊళ్లోనే ఇంకో షాపు చూసుకోండి, లేదా గుడ్డ తీసి కుట్టించండి. మిగిలిన డబ్బుతో ముప్పేట నూలు తాడు మూడు మీటర్లు, గోగునార తాడు పన్నెండడుగుల ముక్కలు రెండు, ఒక మంచి దిక్సూచి వస్తాయి. తాళ్లు తెచ్చిన రోజే కొసలకి విప్పింగ్ పిల్ల చేతే చేయించి, వాడాక నీడపట్టున ఆరేసి, చుట్ట చుట్టి గోడకి మేకుకి తగిలించమనండి. తడి తాడు సంచిలో కుక్కితే పేటల లోపల బూజు పడుతుంది.